హెచ్‌పీవీతో గొంతు క్యాన్సర్ గూడ వస్తదా? మా అక్క సంగతి చెప్తా

"హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) అంటే గర్భసంచి ముఖద్వారం క్యాన్సరే కదా, గొంతుకెట్ల వస్తది, ఆడవాళ్ళం ఏం పరీక్ష చేయించుకోవాలె" అని అడిగిన్రు కదా. రెండేండ్ల కింద నేను గూడ అట్లనే అనుకునేదాన్ని.

మాది హన్మకొండ. మా అక్కకు 47, వక్క గూడ ముట్టదు. జడ వేసుకుంటుంటే దవడ కింద చింతగింజంత గడ్డ చేతికి తగిలింది, నొప్పి గిట్ల ఏం లేదు. యాంటీబయాటిక్స్ ఇచ్చిన్రు, తగ్గలే, తర్వాత టీబీ గడ్డ అని మందులు పెట్టిన్రు, మూడు నెలలు అట్లనే పోయినయ్. ఆఖరికి హైదరాబాద్ పోతే అసలు రోగం టాన్సిల్‌ల ఉన్న క్యాన్సరని తేలింది. ముక్క పరీక్షల పి16 పాజిటివ్, అంటే హెచ్‌పీవీ వల్ల అన్నట్టు.

అక్క ముందు అడిగింది "ఇది ఎవరి నుంచి వచ్చింది మేడం" అని. బావ పక్కనే కూసున్నడు, తల ఎత్తలే. సెక్స్‌తోని, నోటితో చేసే సెక్స్‌తోని గూడ అంటుతది, చానామందికి ఎప్పుడో ఒకప్పుడు అంటుకొని ఏడాది రెండేండ్లల్ల దానంతటదే పోతది, పోనోళ్ళల్ల కొందరికి ఎన్నో ఏండ్ల తర్వాత ఇట్ల బయటపడ్తది, ఎవరిదని వెతుకుడు దండగ అన్నది డాక్టరమ్మ. అయినా ఇంటికొచ్చి అక్క తన స్టీల్ గ్లాసు, కంచం వేరే పెట్టుకున్నది. కలిసి తింటే అంటేది కాదని మళ్ళ ఫోన్‌ల చెప్పిచ్చినంకనే ఆ గ్లాసు గూట్లెకు వచ్చింది.

అట్లని అందరు భయపడొద్దు. మన దిక్కు నోటి, గొంతు క్యాన్సర్లు ఎక్కువ గుట్కా, బీడీ, మందు తోనే. హెచ్‌పీవీది టాన్సిల్‌కు, నాలుక మొదట్ల వస్తది, అది గూడ మొగోళ్ళకే ఎక్కువ. గర్భసంచి ముఖద్వారానికి, గొంతుకు రెండిట్ల ముఖ్యంగ టైప్ 16 వైరసే. పొగాకుతో వచ్చినదానికన్న ట్రీట్‌మెంట్‌కు బాగ లొంగుతది.

గర్భసంచి ముఖద్వారానికి చేసే పాప్ స్మియర్ లాంటి ముందస్తు పరీక్ష గొంతుకు లేదు. మెడల గడ్డ గానీ, ఒక్క దిక్కే టాన్సిల్ వాపు, ఒక్క చెవి పోటు, మింగుడు కష్టం గానీ రెండు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీకి చూపియ్యాలె. పాప్ స్మియర్ మాత్రం మానొద్దు, అది వేరే.

మా బిడ్డకు 13, హెచ్‌పీవీ టీకా రెండు డోసులు అయినయ్ (15 నిండినంక మొదలుపెడితే మామూలుగ మూడు). ఇంతకుముందే అంటుకున్న వైరస్‌ను టీకా తీసెయ్యదు, అందుకే చిన్నప్పుడే. మా పిన్నేమో "ఖమ్మంల పిల్లలు సచ్చిపోయిన్రు" అని ఒకటే గోల. 2009ల అక్కడ బడి పిల్లలకిచ్చి 2010ల ఆపేసింది నిజమే, తల్లిదండ్రుల అనుమతి సరిగ్గ తీసుకోకపోవుడు పెద్ద తప్పే, కానీ ఆ చావులకు టీకా కారణమని ఎంక్వైరీల తేలలే.

అక్కకు రేడియేషన్ 35 సిట్టింగులు అయినయ్, ఇప్పుడు మంచిగున్నది, నోరు ఎండుతదంతే, జొన్నరొట్టె నీళ్ళు లేంది దిగదు. మొన్న మా చిన్నోనికి గూడ టీకా ఇప్పిద్దామంటే మా ఆయన "మొగపిల్లగానికి గర్భసంచి టీకా ఏందే" అని నవ్విండు. అక్క నీళ్ళ బాటిల్ మూత తీసుకుంట "నాకు గర్భసంచికి వచ్చిందా మరిది" అన్నది.