బే ఏరియాకి కొత్తగా వచ్చారా? బీచికన్నా ముందు ట్రెయిల్‌కి వెళ్ళండి

"జూలైలో అమ్మానాన్న వస్తున్నారు, ఏ బీచికి తీసుకెళ్ళమంటారు?" కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉండే బే ఏరియాకి కొత్తగా వచ్చినవాళ్ళు తరచూ అడిగే సందేహం ఇది. నేనైతే సముద్రం పక్కన నడిచే దారికి, అంటే ట్రెయిల్‌కి తీసుకెళ్ళమంటాను.

విశాఖలోనో సూర్యలంకలోనో సముద్రానికి వెళ్ళామంటే నీళ్ళలో దిగాల్సిందే. ఇక్కడి పసిఫిక్‌తో ఆ అలవాటు ప్రమాదం. నీళ్ళు వేసవిలో కూడా ఒళ్ళు కొంకర్లుపోయేంత చల్లగా ఉంటాయి. చాలాసేపు అలలు చిన్నగా వచ్చి, ఉన్నట్టుండి ఒకటి ఒడ్డు మీదికి దూసుకొస్తుంది. దాన్ని స్నీకర్ వేవ్ అంటారు. పిల్లల్ని సముద్రానికి వీపు పెట్టి నిలబెట్టి ఫొటోలు తీయకండి. సముద్రం పక్కనుండే ఎత్తైన గట్ల మీద నడిచేటప్పుడు అంచుకి పోవద్దు, ఆ మట్టి విరిగి పడుతుంది.

జూలై అనగానే ఎండ అనుకోకండి. లోపలి ఊళ్ళు వేడెక్కేకొద్దీ సముద్రం మీది చల్లగాలి, పొగమంచు ఒడ్డుకి వస్తాయి. లోపలున్న శాన్ హోసేలో చెమటలు పట్టే మధ్యాహ్నం, ఒడ్డునున్న హాఫ్ మూన్ బే ఊళ్ళో స్వెటర్ కావాలి. తీరం తేటగా, వెచ్చగా ఉండేది ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. పెద్దవాళ్ళ టికెట్లు ఇంకా కొనకపోతే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి, స్ట్రోలర్ తోసేవాళ్ళకి హాఫ్ మూన్ బేలోని కోస్ట్‌సైడ్ ట్రెయిల్ మంచిది. దారి చదునుగా, తారు వేసి ఉంటుంది. కాస్త ఓపికున్నవాళ్ళని కార్మెల్ దగ్గరి పాయింట్ లోబోస్‌కి తప్పకుండా తీసుకెళ్ళండి. నాకు కాలిఫోర్నియా తీరంలో అంతకన్నా ఇష్టమైన చోటు లేదు. అక్కడి సైప్రస్ గ్రోవ్ ట్రెయిల్ చిన్నదే. మాంటెరే సైప్రస్ చెట్లు సహజంగా పెరిగే తోపులు ప్రపంచంలో రెండే మిగిలాయి, అందులో ఒకటి ఇది. కిందికి చూస్తే కెల్ప్ అనే సముద్రపు నాచులో సీ ఆటర్లు (సముద్రపు నీటిపిల్లులు) వెల్లకిలా తేలుతూ కనిపించవచ్చు. పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది, పెందరాళే బయల్దేరండి. చలికాలంలో వచ్చేవాళ్ళకి ఆన్యో న్యూవో స్టేట్ పార్కు చూపించండి. డిసెంబరు మధ్య నుంచి మార్చి చివరిదాకా అక్కడ ఎలిఫెంట్ సీల్స్ అనే పెద్ద సముద్ర జంతువుల దగ్గరికి గైడ్ వెంటే వెళ్ళాలి, ముందే బుక్ చేసుకోవాలి. ఇసుకలో నడక ఎక్కువ, కాబట్టి అందరికీ కుదరదు.

స్టేట్ పార్కుల్లో చాలాచోట్ల కారుకి డబ్బు కట్టాలి. చాలా పబ్లిక్ లైబ్రరీలు పుస్తకాల్లాగే, ఆ డబ్బు కట్టక్కర్లేకుండా చేసే పార్క్ పాస్ కూడా అరువిస్తాయి. కొత్తగా వచ్చినవాళ్ళు లైబ్రరీ కార్డు తీసుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

దారి పక్కన మూడేసి ఆకులతో ఉండే పాయిజన్ ఓక్ మొక్కని ముట్టుకోకండి. తగిలితే దద్దుర్లు, దురద రోజుల తరబడి వదలవు. చలికాలంలో ఆకులు రాలినా కొమ్మలకి దురద పుట్టించే నూనె ఉంటుంది. చీరకుచ్చెళ్ళు, చున్నీలు పొదలకి రాసుకుంటాయి కాబట్టి ఆ రోజుకి ప్యాంటు, బూట్లు వేసుకోమని అమ్మకి ముందే చెప్పండి. గడ్డిలో నడిచాక ఇంటికొచ్చి ఒంటిమీద టిక్స్ (రక్తం పీల్చే చిన్న పురుగులు) ఉన్నాయేమో చూసుకోండి.

కొన్నిచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పార్కింగ్ స్థలాల్లో కారు అద్దాలు పగలగొట్టే దొంగలున్నారు. అమ్మానాన్నల పాస్‌పోర్టులున్న హ్యాండ్‌బ్యాగు మాత్రం ఎప్పుడూ కారులో వదలకండి.