అలాస్కాలో కారు ప్రయాణం: డెనాలికి ఎన్ని రోజులు కేటాయించాలి?

అరవై దాటిన అమ్మానాన్నలతో ఆగస్టులో హైదరాబాద్ నుంచి అలాస్కా వెళ్తున్నామని, పది రోజుల్లో కారులో ఎన్ని చోట్లు చూడవచ్చని మీరు అడిగారు. 2023 ఆగస్టు చివరలో మా నాన్నగారితో ఇదే ప్రయాణం చేసినవాడిగా చెబుతున్నాను: రెండు చోట్లకు మించి పెట్టుకోకండి, డెనాలి జాతీయ ఉద్యానవనానికి కనీసం నాలుగు రోజులు ఉంచండి.

మేము రోజుకొక ఊరు చొప్పున బసలు మాట్లాడుకొని పొరపాటు చేశాం. అలాస్కాలోని పెద్ద నగరం ఆంకరేజ్ నుంచి డెనాలికి సుమారు 385 కిలోమీటర్లే అయినా, దారిలో ప్రతి చెరువు దగ్గరా మూస్ అనే భారీ దుప్పి కోసం ఆగుతూ వెళ్లేసరికి రోజంతా గడిచిపోయింది. ఆ రాత్రే మిగతా బసలను రద్దు చేసుకొని అక్కడే ఉండిపోయాం.

ఉద్యానవనంలోని 148 కిలోమీటర్ల రోడ్డులో సొంత కార్లను వేసవిలో సావేజ్ నది వరకు, అంటే మొదటి 24 కిలోమీటర్ల వరకే అనుమతిస్తారు. ఆపైన బస్సులోనే వెళ్లాలి. 2021లో కొండచరియ జారి రోడ్డు మూతపడడంతో మా బస్సు 69వ కిలోమీటరు దగ్గర వెనుదిరిగింది. అయినా లోటనిపించలేదు. ఎర్రబారిన పొదల మధ్య ఒక తల్లి ఎలుగుబంటి, రెండు పిల్లలు బ్లూబెర్రీలు తింటుంటే డ్రైవరు ఇంజను ఆపేశారు. మేక రెమ్మను దూసినట్టు అది పెదాలతోనే పళ్లు దూసుకుంటోందని, జీవితమంతా సేద్యం చేసిన నాన్నగారు బైనాక్యులర్ దించకుండా చెబుతూనే ఉన్నారు. 6,190 మీటర్ల డెనాలి శిఖరం మాత్రం రెండు రోజులు మబ్బు చాటునే ఉండి, మూడో రోజు ఉదయం గంటసేపు కనిపించింది. నాలుగు రోజులు ఉండమనడానికి అసలు కారణం అదే.

పెద్దవారికి సావేజ్ నది చుట్టుదారి బాగుంటుంది. మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరం, చాలావరకు చదును. పక్కనే కొండ ఎక్కే ఆల్పైన్ బాట నిటారుగా ఉంటుంది కనుక వారిని అటు తీసుకెళ్లవద్దు. నడిచేటప్పుడు గట్టిగా మాట్లాడుకోండి. ఎలుగుబంటికి 275 మీటర్లు, మూస్‌కు 23 మీటర్లు తగ్గకుండా దూరం పాటించాలన్నది అక్కడి నియమం. ఎలుగుబంట్లను తరిమే స్ప్రేను విమానంలో అనుమతించరు, అక్కడే కొనుక్కోవాలి.

బయలుదేరే ముందు ఇక్కడి ఆర్టీఏ కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. అద్దె కారు ఒప్పందంలో కంకర రోడ్ల షరతును తప్పక చదవండి. ఆంకరేజ్ నుంచి వచ్చే దారి కాదు గానీ, డెనాలి హైవే అనే వేరే రోడ్డు చాలావరకు కంకర రోడ్డే, చాలా అద్దె సంస్థలు దానిమీద కారు నడపనివ్వవు.