వాటర్ స్కీకీ వేక్‌బోర్డుకీ ఒకే బోటు సరిపోతుందా?

విజయవాడలో, ప్రకాశం బ్యారేజీ ఎగువన నడపడానికి ఒకే బోటు కొంటే రెండింటికీ పనికొస్తుందా అని అడిగారు. పనికొస్తుంది గానీ ఏదో ఒకదాంట్లో రాజీ పడక తప్పదు. స్లాలమ్ స్కీకి, అంటే ఒకే స్కీ మీద మెలికలు తిరుగుతూ సాగే ఆటకి, గంటకు 50-58 కి.మీ. వేగం, వెనక వీలైనంత చిన్న అల కావాలి. అందుకే ఇంజిన్ నడిమధ్యలో పెడతారు. వేక్‌బోర్డుకి, అంటే వెడల్పాటి పలక మీద పక్కకి తిరిగి నిలబడి బోటు వెనక సాగే ఆటకి, 32-38 కి.మీ. చాలు, పైకి ఎగరడానికి ఎత్తైన అల ఉండాలి. దానికోసం ఇంజిన్ వెనక్కి జరిపి, బోటు బరువు పెంచే బ్యాలస్ట్ ట్యాంకుల్లో వందల లీటర్ల నీళ్లు నింపుతారు. అమెరికాలో మెలూన్ కుటుంబం 1925లో మొదలుపెట్టిన కరెక్ట్ క్రాఫ్ట్ అనే బోట్ల కంపెనీ కూడా ఈ రెంటినీ వేరువేరుగానే తయారుచేస్తుంది.

ఇక్కడ అసలు జాగ్రత్త గుర్రపుడెక్కతో. దాని వేళ్లు ఇంజిన్‌ని చల్లబరిచే నీటి దారికి అడ్డం పడితే, పంపులోని రబ్బరు ఇంపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం) నీళ్లు లేకుండా ఒట్టిగా తిరిగి నిమిషాల్లో రెక్కలు తెగుతాయి. కొత్తది వేస్తే సరిపోదు; తెగిన ముక్కలన్నీ ఇంజిన్ వేడిని నీటికి వదిలే హీట్ ఎక్స్‌ఛేంజర్‌లోంచి ఏరి తీయాలి, లేకపోతే ఇంజిన్ మళ్లీ వేడెక్కుతుంది.