బాబాయి కొడుకూ, అమెరికన్ మిత్రుడూ పెట్టే పెట్టుబడి: డబ్బు ఏ దారిన రావాలి?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర ఒక గ్రామం. అన్నదమ్ములం ఇద్దరం భాగస్వామ్య సంస్థగా కారం, పసుపు పొడుల మిల్లు నడుపుతున్నాం. మా బాబాయి కొడుకు అమెరికా పౌరుడు. అతనికి ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉంది. అతనూ, అతనితో పనిచేసే ఒక అమెరికన్ మిత్రుడూ చెరో రెండు కోట్ల రూపాయలు పెట్టి, కోల్డ్ స్టోరేజీతో సహా పెద్ద యూనిట్ కడదామంటున్నారు. ఆ మిత్రుడు ఏటా 12 శాతం రాబడికి హామీ అడుగుతున్నాడు. డబ్బు నా సేవింగ్స్ ఖాతాకు పంపిస్తే నా పేరునే పొలం కొని పని మొదలుపెట్టవచ్చని తెలిసినవారొకరు చెప్పారు. ప్రభుత్వ అనుమతి కావాలా? పన్నులు ఎంత? విదేశీ పెట్టుబడికి ప్రత్యేక రాయితీలు ఉన్నాయా?
— గుంటూరు జిల్లా పాఠకుడు

సమాధానం: డబ్బు మీ సేవింగ్స్ ఖాతాకు తెప్పించే విషయానికే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మిగతా పొరపాట్లను తరువాతైనా దిద్దుకోవచ్చు గానీ దీన్ని దిద్దుకోవడం చాలా కష్టం. ఆ డబ్బును దయచేసి మీ సొంత ఖాతాలోకి రానివ్వకండి. బాబాయి కొడుకును మనం తమ్ముడనే పిలుస్తాం, తమ్ముడిగానే చూస్తాం. కానీ ఆదాయపు పన్ను చట్టం బంధువులుగా గుర్తించే జాబితాలో మీ బాబాయి ఉన్నారు, బాబాయి కొడుకు లేడు. కాబట్టి అతను పంపిన సొమ్మును బహుమతిగా చూపితే, అది ఏడాదికి 50,000 రూపాయలు దాటిన పక్షంలో మొత్తం సొమ్ము మీ ఆదాయంగా లెక్కకు వచ్చి, దానిపై మీరు పన్ను కట్టవలసి వస్తుంది. బహుమతి కాదు, వాళ్ల కోసమే మీ పేరున పొలం కొన్నారంటే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. ఓసీఐ కార్డు ఉన్నవారు మన దేశంలో వ్యవసాయ భూమి కొనడానికి వీలు లేదు. ఒకరి సొమ్ముతో, వారి ప్రయోజనం కోసం, మరొకరి పేరున ఆస్తి కొనడం బినామీ లావాదేవీ అవుతుంది. 2016లో సవరించిన బినామీ చట్టం కింద ఆ ఆస్తిని జప్తు చేయవచ్చు, ఏడాది నుంచి ఏడేళ్ల వరకు జైలుశిక్ష, ఆస్తి మార్కెట్ విలువలో నాలుగో వంతు వరకు జరిమానా విధించవచ్చు. ఇవి చాలవన్నట్టు విదేశీ మారక నిర్వహణ చట్టం, అంటే ఫెమా కింద, ఉల్లంఘన జరిగిన మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా పడే అవకాశం ఉంది. సలహా ఇచ్చినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ వారి మాట వింటే చిక్కుల్లో పడేది మీరు.

ఇక అనుమతి సంగతి. ఆహార ఉత్పత్తుల తయారీలోనూ, కోల్డ్ స్టోరేజీలోనూ నూరు శాతం విదేశీ పెట్టుబడిని ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండానే అనుమతించారు. దీన్నే ఆటోమేటిక్ మార్గం అంటారు. మీరు తయారుచేసిన కారం, పసుపులను టోకుగా గానీ, దుకాణంలో గానీ, ఆన్‌లైన్‌లో గానీ అమ్ముకోవడానికి కూడా వేరే అనుమతి అక్కరలేదు. అయితే ఇతరులు తయారుచేసిన సరుకును కూడా చిల్లరగా అమ్మే వ్యాపారంలోకి దిగితే నిబంధనలు మారిపోతాయి, అక్కడ కేంద్ర ప్రభుత్వ అనుమతి అవసరమవుతుంది. కాబట్టి కంపెనీ ఉద్దేశాలను రాసుకునేటప్పుడే మీ పనిని తయారీకి, నిల్వకు పరిమితం చేసుకోండి.

అనుమతి కన్నా ముందు తేలవలసింది సంస్థ స్వరూపం. భాగస్వామ్య సంస్థలో మీ తమ్ముడి వంటి ఓసీఐ వ్యక్తి, సొమ్మును తిరిగి విదేశానికి తీసుకువెళ్లే హక్కు లేని పద్ధతిలో పెట్టుబడి పెట్టవచ్చు. భారతీయ మూలాలు లేని అమెరికన్ మిత్రుడు మాత్రం ప్రత్యేక ముందస్తు అనుమతి లేనిదే భాగస్వామ్య సంస్థలోకి రాలేడు. అందువల్ల ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ తప్పనిసరి అవుతుంది. ఉన్న మిల్లునే కంపెనీగా మార్చే పద్ధతి చట్టంలో ఉంది గానీ, ఆ మార్పిడిపై మూలధన లాభాల పన్ను పడకుండా ఉండాలంటే పాత భాగస్వాములిద్దరికీ కలిపి కనీసం 50 శాతం ఓటు హక్కు అయిదేళ్లపాటు నిలిచి ఉండాలి. నాలుగు కోట్లు బయటినుంచి వస్తున్నప్పుడు ఆ షరతు మీ మెడకు చుట్టుకుంటుంది. అందుకే పాత మిల్లును అలాగే ఉంచి, కొత్త యూనిట్‌కు మాత్రం కొత్త కంపెనీ పెట్టి, అవసరమైతే మిల్లు భవనాన్ని దానికి లీజుకిచ్చుకోవడం మేలని నా అభిప్రాయం. కంపెనీలో కనీసం ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి, వారిలో ఒకరైనా ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు భారతదేశంలో ఉన్నవారై ఉండాలి. ఆ షరతు మీ అన్నదమ్ములతోనే తీరుతుంది. యూనిట్‌కు కావలసిన భూమిని, వ్యవసాయేతర వినియోగానికి మార్పించుకునే షరతుతో, కంపెనీ తన పేరునే కొనుక్కోవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. విదేశీ పెట్టుబడి చట్టంలో డబ్బు బయటకు వెళ్లే హక్కు అది లోపలికి వచ్చిన దారిని బట్టి ఉంటుంది. మీ ఇద్దరు పెట్టుబడిదారులకు రెండు వేర్వేరు దారులు ఉన్నాయి.

మీ తమ్ముడికి ఎంచుకునే వీలుంది. తిరిగి తీసుకువెళ్లే హక్కుతోనైనా, ఆ హక్కు లేకుండానైనా అతను షేర్లు కొనవచ్చు. రెండో పద్ధతిలో అతని పెట్టుబడిని దేశీయ పెట్టుబడితో సమానంగా చూస్తారు. ఫెమా కింద షేరు ధర నిర్ణయించే నిబంధనలు, రిజర్వు బ్యాంకుకు నివేదించే బాధ్యత ఉండవు. ఈ పద్ధతి పేరు వినగానే సొమ్ము శాశ్వతంగా ఇక్కడే చిక్కుకుపోతుందని చాలామంది భయపడతారు, అది నిజం కాదు. డివిడెండ్‌ను పన్ను పోగా విదేశానికి పంపుకోవచ్చు. షేర్లు అమ్మిన సొమ్ము అతని ఎన్ఆర్ఓ ఖాతాలో (ప్రవాసులు ఇక్కడి రాబడిని జమ చేసుకునే రూపాయల ఖాతా) జమ అవుతుంది, అక్కడినుంచి పన్నులు చెల్లించి, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రంతో, ఒక ఆర్థిక సంవత్సరంలో పది లక్షల డాలర్ల వరకు పంపుకోవచ్చు. రెండు కోట్ల రూపాయల పెట్టుబడికి ఆ పరిమితి ధారాళంగా సరిపోతుంది. కనుక మీ తమ్ముడికి ఈ దారే సులువు.

మిత్రుడికి ఆ అవకాశం లేదు. అతని డబ్బు అతని విదేశీ ఖాతా నుంచి నేరుగా కంపెనీ ఖాతాకు రావాలి. మీ ఖాతా ద్వారానో, మీ తమ్ముడి ఖాతా ద్వారానో రాకూడదు. మధ్యలో ఒక పేరు అడ్డం వచ్చిందంటే డబ్బు విదేశం నుంచి వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే రెమిటెన్స్ ధ్రువపత్రంలో డబ్బు పంపినవారి పేరు, షేరుదారుడి పేరు సరిపోలవు, రిజర్వు బ్యాంకుకు ఇచ్చే నివేదిక దగ్గర చిక్కు వస్తుంది. డబ్బు చేరిన 60 రోజుల్లోగా షేర్లు కేటాయించాలి. కేటాయించలేకపోతే ఆపైన 15 రోజుల్లో సొమ్ము వెనక్కి పంపాలి. కేటాయించిన 30 రోజుల్లోగా ఎఫ్‌సీ-జీపీఆర్ అనే నివేదికను రిజర్వు బ్యాంకు ఫర్మ్స్ పోర్టల్‌లో మీ బ్యాంకు ద్వారా దాఖలు చేయాలి. షేరు ధర నిపుణుడు ధ్రువీకరించిన న్యాయమైన విలువకు తగ్గకూడదు, అయితే కంపెనీ స్థాపించేటప్పుడే అతను సంస్థాపక షేరుదారుడిగా సంతకం చేస్తే ముఖ విలువకే షేర్లు తీసుకోవచ్చు. అందుకే మొదటి రోజునుంచే అతని పేరు ఉండడం మంచిది. ఆ తరువాత ఏటా జులై 15లోగా విదేశీ ఆస్తి అప్పుల వార్షిక నివేదికను మరువకుండా పంపాలి. వ్యాపారం సజావుగా సాగుతూ, కేవలం ఈ కాగితాలు సకాలంలో పంపని కారణంగా ఏళ్ల తరువాత షేర్లు అమ్ముకోలేక అపరాధ రుసుములు కట్టిన కక్షిదారులను నేను చూశాను. పనిలో పడి మరచిపోయే కాగితాలివి, వీటి బాధ్యతను ఒకరికి స్పష్టంగా అప్పగించండి.

12 శాతం హామీ గురించి. విదేశీ పెట్టుబడిదారుడికి ఈక్విటీ షేర్లపై నిర్దిష్టమైన రాబడికి గానీ, ముందే నిర్ణయించిన ధరకు షేర్లు తిరిగి కొంటామని గానీ హామీ ఇవ్వడం ఫెమా నిబంధనలకు విరుద్ధం. వెనక్కి అమ్ముకునే హక్కు ఇవ్వవచ్చు గానీ, దానికి కనీసం ఏడాది గడువు ఉండాలి, ఆ నాటి న్యాయమైన విలువకే కొనాలి. ఈక్విటీగా తప్పక మారే షరతు లేని ప్రాధాన్య షేర్లు (డివిడెండ్‌లో ముందు హక్కు ఉండే ప్రిఫరెన్స్ షేర్లు) ఇస్తే వాటిని అప్పుగా పరిగణించి, విదేశీ వాణిజ్య రుణాల కఠిన నిబంధనలు వర్తింపజేస్తారు. కాబట్టి లాభమొస్తే వాటా, నష్టమొస్తే వాటా అని మిత్రుడికి ఇప్పుడే మర్యాదగా చెప్పండి. దానికి బదులుగా అతను న్యాయంగా అడగదగిన రక్షణలు వేరే ఉన్నాయి: లెక్కలు చూసే హక్కు, కీలక నిర్ణయాలపై అతని సమ్మతి, డైరెక్టరు స్థానం వంటివి. వాటిని షేరుదారుల ఒప్పందంలోనే కాక కంపెనీ నియమావళిలోనూ రాయించండి. వివాదాల విషయంలో కూడా ముందుచూపు అవసరం; అమెరికా కోర్టు డిక్రీని మన కోర్టులో నేరుగా అమలు చేయించుకోలేరు, దాని ఆధారంగా ఇక్కడ మళ్లీ దావా వేయాలి. ఇరుపక్షాలకూ అనువైనది హైదరాబాద్ వేదికగా మధ్యవర్తిత్వం. 2021లో ఏర్పాటైన అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం అక్కడ ఉంది.

పన్నుల విషయానికి వస్తే, 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 నాటి కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది. సెక్షన్ల సంఖ్యలు మారాయి కనుక నేను రేట్లు మాత్రమే చెబుతాను. ఇక్కడ నమోదైన కంపెనీలో షేర్లన్నీ విదేశీయులవే అయినా అది దేశీయ కంపెనీయే. కొన్ని మినహాయింపులు వదులుకుంటే 22 శాతం పన్ను, సర్‌ఛార్జి, సెస్సులతో కలిపి 25.17 శాతం పడుతుంది. అదే విదేశీ కంపెనీ అయితే మూల రేటు 35 శాతం. కొత్త తయారీ సంస్థలకు 15 శాతమే పన్ను అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. ఆ వెసులుబాటు 2024 మార్చి 31లోగా ఉత్పత్తి మొదలుపెట్టినవారికే, మీకు వర్తించదు. కంపెనీ పంచే డివిడెండ్‌పై ప్రవాసులకు 20 శాతం, సెస్సుతో 20.8 శాతం, కంపెనీయే మూలంలో కోయాలి. ఉదాహరణకు కోటి రూపాయల లాభం వస్తే పన్ను పోగా 74.83 లక్షలు మిగులుతుంది. మిత్రుడిది నాలుగో వంతు వాటా అయి, మొత్తం పంచితే అతనికి 18.71 లక్షలు వస్తుంది, అందులో 3.89 లక్షలు పన్నుగా పోయి 14.82 లక్షలు చేతికి అందుతుంది. భారత-అమెరికా పన్ను ఒప్పందంలో వ్యక్తులకు రేటు 25 శాతం, అది మన చట్టంలో ఉన్నదానికన్నా ఎక్కువ కనుక ఇక్కడ అక్కరకు రాదు. ఇక్కడ కట్టిన పన్నును అమెరికాలో జమ చేయించుకోవచ్చు. పది శాతమో అంతకు మించో వాటా తీసుకుంటున్న అమెరికా పౌరులు విదేశీ కంపెనీలో తమ వాటాను తెలిపే ఫారం 5471ను అక్కడ దాఖలు చేయాలి, చేయకపోతే ఒక్కో ఫారానికి 10,000 డాలర్ల జరిమానా ఉంది, కనుక వారిద్దరూ అక్కడి అకౌంటెంట్‌ను ముందే కలవాలి. షేర్లను 24 నెలలు దాటాక అమ్మితే లాభంపై 12.5 శాతం పన్ను ఉంటుంది.

రాయితీల గురించి మీ ఆశను కొంచెం సరిచేయాలి. విదేశీ సొమ్ము కాబట్టి ఇచ్చే ప్రత్యేక రాయితీ ఏదీ లేదు. రాయితీ యూనిట్‌ను చూసి ఇస్తారు, యజమానిని చూసి కాదు. ఆంధ్రప్రదేశ్ ఆహార శుద్ధి విధానం 4.0 (2024-29) కింద మీ యూనిట్‌కు ఉన్న అర్హతను జిల్లా పరిశ్రమల కేంద్రంలో తెలుసుకుని, పని మొదలుపెట్టకముందే సింగిల్ డెస్క్ పోర్టల్‌లో నమోదు చేసుకోండి. సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమలకు కేంద్రం చేసే ఉద్యమ్ నమోదుకు విదేశీ వాటా అడ్డు కాదు. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్రాల పెట్టుబడి 25 కోట్లు, టర్నోవర్ 100 కోట్లు దాటని యూనిట్ చిన్న పరిశ్రమ కిందికి వస్తుంది. రాయితీ సొమ్ము చేతికి రావడానికి సమయం పడుతుంది, పైగా అది ఆస్తి ధరలోంచి తగ్గించకపోతే పన్ను పడే ఆదాయం అవుతుంది. కాబట్టి బ్యాంకుకు ఇచ్చే నగదు అంచనాల్లో దాన్ని కలపకుండా, రాయితీ రాకపోయినా యూనిట్ నిలబడుతుందా అన్న లెక్క వేసుకోండి.

కంపెనీ నమోదై, దాని పేరున బ్యాంకు ఖాతా తెరిచి, ఏ షేరుదారుడు ఏ పద్ధతిలో పెట్టుబడి పెడుతున్నాడో బ్యాంకుకు లిఖితపూర్వకంగా తెలిపేదాకా అమెరికా నుంచి ఒక్క డాలరు కూడా పంపవద్దని మీ తమ్ముడికి ఈ రోజే చెప్పండి.