మట్టి గడ్డకట్టకముందే

బుజ్జీ,

ప్రభువు నామంలో దీవెనలు. మిన్నెసోటాలో, ఉడ్‌బరీలో కొన్న ఇంటి ముందు పచ్చి కొమ్మలు గుచ్చి పెట్టే క్రిస్మస్ కుండీలు ఈ ఏడాది నువ్వే చేస్తానన్నావని మీ అమ్మ గుంటూరు నుంచి ఫోన్ చేసి చెప్పింది. షాపులో రెడీగా అమ్మేవి వద్దన్నావట. ఆ మాట మీ పెదనాన్నకు రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పబోతే, "ఇంటి ముందు మెట్లెన్నో అడిగావా?" అన్నారు. అంతే, అప్పటిదాకా ఉన్న సంబరం కాస్తా టెన్షన్ అయి కూర్చుంది. మెట్ల సంగతికి వస్తాను, ఆగు.

ముందు తేదీ చూసుకో. నవంబర్ చివర్లో థాంక్స్‌గివింగ్ పండుగ అయ్యాక చూద్దాంలే అనుకోకు. మీ దగ్గర అప్పటికి కుండీలో మట్టి రాయిలా అయిపోతుంది. నవంబర్ రెండో వారం దాటనివ్వకు. వేసవి పూలమొక్కలున్న కుండీలైతే వాటిని పీకేసి పాత మట్టే ఉంచెయ్యి. కోసిన కొమ్మకు వేళ్లు రావు, ఎరువూ అక్కర్లేదు. మట్టి ఉన్నది పట్టుకోవడానికి మాత్రమే. గుచ్చడం అయ్యాక అడుగుదాకా తడిసేలా నీళ్లు పొయ్యి. ఆ తడి గడ్డకట్టిందంటే కొమ్మలు మార్చి దాకా కదలవు.

ఇది నాకు మీ తాతయ్య దగ్గర అబ్బింది. డిసెంబర్‌లో బాపట్ల వైపు నుంచి సరుగుడు కొమ్మను బస్సు టాపు మీద వేయించుకుని తెచ్చేవారు. నూనె డబ్బాలో ఇసుక పోసి, కొమ్మ నిలబెట్టి, రెండు చెంబుల నీళ్లు పోసి కర్రతో కూరేవారు. ఒక ఏడాది ఆ పని నాకు అప్పజెప్పారు. నేను పొడి ఇసుకలోనే గుచ్చేశాను. క్యారల్స్ వాళ్లొచ్చి డోలక్ అందుకోగానే చెట్టు, మీద కట్టిన నక్షత్రంతో సహా, వెళ్లి పాస్టరుగారి మీద పడింది. ఆయన ప్రార్థన మాత్రం ఆపలేదు.

కొమ్మల విషయానికొస్తే, అన్నీ చలికాలంలోనూ పచ్చగా ఉండే సూదాకుల చెట్లవే: మధ్యలో నిటారుగా స్ప్రూస్ కొసలు, చుట్టూ బాల్సమ్ ఫర్, అంచున కిందికి వాలేలా వైట్ పైన్, సీడర్. ఎరుపు కోసం ఎర్ర బెరడుండే డాగ్‌వుడ్ పుల్లలు నాలుగు. కింది కొస ఒక అంగుళం ఏటవాలుగా కత్తిరించి రాత్రంతా బకెట్ నీళ్లలో ఉంచు. అంచు కొమ్మల్ని మరీ నిలువుగా గుచ్చితే చీపురుకట్టలా ఉంటుంది, బయటికి వాల్చు. చేతులకంటిన జిగురు సబ్బుకు పోదు, కొబ్బరినూనె రాసి తుడుచుకో. కొమ్మలు నర్సరీలోనే కొనుక్కో. పార్కుల్లో, ప్రభుత్వ అడవుల్లో పర్మిట్ లేకుండా కొయ్యకూడదు.

ఇంటి గోడ వారన పొట్టిగా, ముదురాకుపచ్చగా పొదలుంటే అవి 'యూ' (yew) అనే మొక్కలేమో కనుక్కో. వాటి ఆకూ గింజా రెండూ విషమే. చేతికందింది నోట్లో పెట్టుకునే వయసు మీవాడిది. అది మాత్రం కుండీలో వద్దు.

ఇక నేను చేసిన పని. అప్పట్లో మేం మీ మిన్నెసోటాలోనే, సెయింట్ పాల్‌లో ఉండేవాళ్లం, అది మాకు రెండో చలికాలం. హాస్పిటల్లో నైట్ డ్యూటీలు, డిసెంబర్ 20 దాకా తీరిక దొరకలేదు. వీధంతా కుండీలు, మా గుమ్మం ఒక్కటే బోసిగా ఉంది. జీతంలో మిగుల్చుకుని కొన్న నీలం పింగాణీ కుండీ ఒకటి పై మెట్టు మీద ఉండేది. మట్టిలో స్క్రూడ్రైవర్ కూడా దిగలేదు. సరే, వేడి నీళ్లు పోద్దామనుకున్నాను. మొదటి కెటిల్‌కి పైన రెండంగుళాలు మెత్తబడింది. ఉత్సాహం వచ్చి ఇంకోటి, మళ్లీ ఇంకోటి. అసలే నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, ఆ కుండీ లోపల్నుంచి ఎప్పుడు బీటలిచ్చిందో ఏమో, మరిగే నీళ్లకు నిలువునా చీలిపోయింది. నీళ్లన్నీ మూడు మెట్ల మీదుగా కారాయి. వేడి నీళ్లే కదా, ఆరిపోతాయిలే అనుకున్నాను. గుంటూరు ఎండలో పెరిగిన బుర్ర మరి! కుండీ పోయిందని ఏడ్చి పడుకున్నాను.

తెల్లవారుజామున ఐదున్నరకు మీ పెదనాన్న డ్యూటీకి బయల్దేరారు. మెట్ల మీద పరుచుకున్న ఐసు పొర కంటికి కనపడేది కాదు. చప్పుడు విని నేను తలుపు తీసేసరికి కింద పడి ఉన్నారు. "బయటికి రాకు! రాకు!" అని ఒకటే కేక. నేనూ జారతానని ఆయన భయం. కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది. ఆ క్రిస్మస్ భోజనం నేనే కలిపి తినిపించాను. చలి ఎక్కువైతే ఇప్పటికీ ఆ చెయ్యి జేబులోంచి రాదు. డాలస్ వచ్చేసింది ఉద్యోగం కోసమని అందరికీ చెప్పాం. కారణం ఆ చెయ్యి. ఇన్నేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు, మెట్లెన్ని అని అడగడం తప్ప.

అందుకని విను. పింగాణీ, మట్టి కుండీలు వద్దు. ప్లాస్టిక్‌వో చెక్కవో తీసుకో, అడుగున చిల్లు ఉండాలి. నీళ్లు గరాజ్‌లోనో గడ్డిలోనో పోసి, కారడం ఆగాకే తెచ్చి గుమ్మం దగ్గర పెట్టు. బరువైతే మీ ఆయన్ని పట్టమను, ఒక్కదానివే మొయ్యకు. ఒకవేళ ఆలస్యమై మట్టి గడ్డకట్టిందా, కెటిల్ జోలికి పోకు. కుండీని రెండు రోజులు ఇంట్లో పెట్టు, లేదా డ్రిల్‌తో చిల్లులు వేసి గుచ్చు. గుమ్మం పక్కన ఉప్పు బస్తాతో పాటు ఇసుక కూడా ఉంచు. 15 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి పోతే మామూలు ఉప్పు పనిచెయ్యదు, ఇసుకే దిక్కు.

మరీ భయపెట్టేశానా? మన గుంటూరుకీ ఆ చలికీ పాత చుట్టరికమే. 1842లో మన ఊరొచ్చిన అమెరికా లూథరన్ మిషనరీ హయ్యర్ అయ్యగారు, అరవై దాటాక సెయింట్ పాల్ వెళ్లి 1860లో అక్కడ లూథరన్ సినడ్, అంటే చర్చీలన్నిటి సంఘం, పెట్టించారు. 1869లో మళ్లీ మనవైపు వచ్చారు. ఆయన మెట్ల మీద జారినట్టు నేనెక్కడా చదవలేదు. నువ్వూ జారవు.

తాతయ్య కట్టే రంగుకాగితాల నక్షత్రం లాంటిదొకటి మీ అమ్మ పార్సిల్ చేస్తానంది. అది మంచుకి నానిపోతుంది, కుండీలో గుచ్చకు, కిటికీ లోపల కట్టు.

అంతా అయ్యాక ఫొటో పంపు. కుండీలతో పాటు మెట్లు కూడా పడేలా తియ్యి. మీ పెదనాన్న లెక్కపెట్టుకుంటారు.

మీ పెద్దమ్మ