ముందు రెసిడెంట్ ఈవిల్ 2 కొను

తమ్ముడూ, రెసిడెంట్ ఈవిల్ అనే హారర్ వీడియో గేమ్ 2, 3 భాగాల రీమేకులు రెండింటికీ రివ్యూలు బాగున్నాయి, డబ్బులు ఒక్కదానికే ఉన్నాయి అన్నావు కదా. కళ్ళు మూసుకుని రెసిడెంట్ ఈవిల్ 2 కొనేయ్. 1998 నాటి ఆటని క్యాప్‌కామ్ 2019లో మళ్ళీ చేసింది. పోలీస్ స్టేషన్‌లో మనల్ని వెంటాడే రాక్షసుడు మిస్టర్ ఎక్స్ బూట్ల చప్పుడు వినిపిస్తుంటే పుట్టే టెన్షన్‌ని విమర్శకులు తెగ మెచ్చుకున్నారు. మనం ఆడే రెండు పాత్రలు లియాన్, క్లెయిర్‌ల కథలు చాలాచోట్ల ఒకేలా ఉన్నాయన్నది మాత్రం న్యాయమైన ఫిర్యాదే. 2020లో వచ్చిన మూడోది మరీ పొట్టి. పాత ఆటలో క్లాక్ టవర్ లోపల తిరిగే భాగం తీసేశారని అభిమానులు ఇప్పటికీ తిట్టుకుంటారు. అది డిస్కౌంట్‌లో చూద్దువుగాని.

అన్నట్టు, మీ విజయనగరం సంగతేమో గానీ, మా శ్రీకాకుళంలో గాలివాన వస్తే కరెంటుకి నమ్మకం లేదు. హార్డ్‌కోర్ అనే కష్టమైన లెవెల్ పెట్టకు, అందులో ఆటోసేవ్ ఉండదు, ఆటలో దొరికే ఇంక్ రిబ్బన్ ఉంటేనే సేవ్; కరెంటు పోతే సేవ్ చేయనిదంతా పోతుంది. స్టాండర్డ్‌లో ఆడుకో.