సత్యజిత్ రే బొమ్మ మొదలుపెట్టే ముందు

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

మే 2న సత్యజిత్ రే జయంతికి నివాళిగా ఆయన రూపచిత్రం వేస్తున్నానని రాశావు, చిత్తుబొమ్మ కూడా పంపావు. నలభై ఏళ్ళుగా మొహాలు గీస్తున్నవాడిని కాబట్టి, నువ్వు అసలు కాగితం మీద చెయ్యి పెట్టకముందే కొన్ని మాటలు చెప్పాలనిపించింది.

మొట్టమొదట ఏ వయసు రేని వేస్తున్నావో తేల్చుకో. మన కళ్ళలో నిలిచిపోయిన ఆయన రూపం చాలావరకు నిమాయ్ ఘోష్ తీసిన నలుపు తెలుపు ఫోటోలలోనిది. ఘోష్ కెమెరాతో ఆయన వెంట నడవడం మొదలైంది 1968 ప్రాంతంలో, అంటే అప్పటికే రేకి నలభై ఆరేడేళ్ళు. ఆయన తొలి సినిమా 'పథేర్ పాంచాలి' విడుదలైన 1955లో ఆయన ముప్పై నాలుగేళ్ళ యువకుడు. కళ్ళ కింద సంచులు పడిన పెద్దాయనను ముందు నిలబెట్టి, వెనక ఆ సినిమాలోని రెల్లుపూలను, రైలుబండిని పెట్టావు. నాకైతే రెండు కాలాలను ఒకే కాగితానికి అతికించినట్టు కనిపించింది. నా మాట విని వెనకనున్న సరంజామా అంతా తీసెయ్యి. శాంతినికేతన్‌లో చిత్రకారుడు నందలాల్ బోస్ దగ్గర చదువుకుని, ప్రకటనల సంస్థలో పనిచేస్తూ పుస్తకాలకు అట్టలు వేసి, ఆ తరువాతే సినిమాకు వచ్చిన మనిషి ఆయన. అలాంటివాడి బొమ్మలో అక్కర్లేని గీత ఒక్కటున్నా కంట్లో నలుసులా గుచ్చుకుంటుంది.

వెలుగు సంగతి ఇంకా ముఖ్యం. ఆయన సినిమా 'అపరాజితో'లో కాశీ ఇంటిని స్టూడియోలో కట్టినప్పుడు, ఇంటి నడుమనున్న మండువాలోకి ఆకాశం నుంచి దిగే వెలుతురు రావడం కోసం ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రా పైన తెల్లగుడ్డ పరిపించి, దీపాల కాంతిని దాని మీద పడేసి కిందికి మళ్ళించాడు. అందుకే అక్కడి నీడలకు పదునైన అంచు ఉండదు. నువ్వు మాత్రం ముక్కు పక్కన నీడను కత్తితో కోసినట్టు గీశావు. బొగ్గును అక్కడ పలచగా రాసి, పాత నూలుగుడ్డతో చెంప వైపు లాగి, దవడ ఎముక మీద మెత్తటి రబ్బరుతో ఒక్కసారి అద్ది వదిలెయ్యి. గట్టి నలుపును పై రెప్ప గీతకు మాత్రమే దాచుకో.

పేరును బెంగాలీలోనే రాయాలనుకుంటే, ఆ లిపి బాగా తెలిసినవాళ్ళ చేత దిద్దించుకో. 'సత్యజిత్' చివర వచ్చేది మామూలు 'త' కాదు, ఖండ-త అనే వేరే అక్షరం. పైనుండే అడ్డగీతను వాళ్ళు మాత్ర అంటారు; ఖండ-త మీద ఆ గీత ఉండదు. 'ఎక్షణ్' పత్రిక పేరులోని మూడు అక్షరాలనే మళ్ళీ మళ్ళీ కొత్తగా మలిచి అట్టలు వేసిన చిత్రకారుడి పేరును తప్పుగా రాయడం నాకు నచ్చని పని.

నా పొరపాటు ఒకటి చెబుతాను. యౌవనంలో నేనూ ఆయన బొమ్మ వేసి, నోట్లో పైపు పెట్టి, దాని చెక్క నిగనిగలు రావాలని మూడు రోజులు కూర్చున్నాను. చూసినవాళ్ళందరూ పైపు అద్భుతంగా ఉందన్నారు. కళ్ళ గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

రెండో చిత్తుబొమ్మ వచ్చే వారానికల్లా పంపు, పైపు లేకుండా.

మీ మావయ్య